నడుముకు కట్టే తుపాకీని ఎవరు ఎంచుతారు? చింతపల్లి నుంచి బాలానగర్ దాకా



ఎస్సై, కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడిందంటే మన గ్రూపు నిండా ప్రశ్నలే. ఎత్తు ఎంత, పరుగు ఎంత, కటాఫ్ ఎంత అని. నిజాంపేట, బాచుపల్లి గదుల్లో ఉండి ప్రిపేర్ అయ్యే మన పిల్లలకు ఆ లెక్కలన్నీ నోటికి వచ్చు. కానీ ఉద్యోగం వచ్చినంక నడుముకు కట్టే పిస్తోలు ఎక్కడి నుంచి వస్తది, దాన్ని ఎవరు ఎంచుతారు అని మాత్రం ఎవరం అడగం. మన తాతల కాలంలో ఆ తుపాకీ మన వైపే తిరిగి ఉండేది. ఇప్పుడు మన పిల్లల చేతికే వస్తుంది. కాబట్టి దాని చరిత్ర మనకు తెలిసి ఉండాలి.

1857 తిరుగుబాటుతో మొదలుపెడదాం. తిరుగుబాటు అణిగాక ఇంగ్లీషువాళ్లు ఒక నిర్ణయానికి వచ్చారు. తెల్ల సైనికుడికి రైఫిల్, దేశీ సిపాయికి నున్నటి గొట్టం తుపాకీ. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులు ఉంటాయి. వాటి వల్ల తూటా తిరుగుతూ దూరం పోతుంది, గురి తప్పదు. నున్నటి గొట్టానికి ఆ బలం లేదు. 1861లో పోలీసు చట్టం వచ్చాక కూడా ఇదే బుద్ధి సాగింది. తర్వాతి కాలంలో లీ ఎన్‌ఫీల్డ్ రైఫిళ్లనే మార్చి, గాడులు లేని, ఒక్కసారికి ఒక్క తూటానే పట్టే పాయింట్ 410 మస్కెట్లుగా చేసి పోలీసులకు ఇచ్చారు. అవి జనం చేతిలో పడినా సర్కారుకు పెద్ద భయం లేదు. ఇక రివాల్వర్ అంటే అధికారి నడుముకే. బర్మింగ్‌హామ్‌లో తయారైన వెబ్లీ రివాల్వర్ ఆయుధం మాత్రమే కాదు, హోదా గుర్తు కూడా. మన దేశంలో చేతి తుపాకీ ఎంపిక "ఎవరికి ఏది పనికొస్తది" అన్న ప్రశ్నతో మొదలు కాలేదు, "ఎవరిని ఎంతవరకు నమ్మొచ్చు" అన్న ప్రశ్నతో మొదలైంది.

ఆ భయం ఉత్తది కాదని మన్యం చూపించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి. వరుసగా మూడు రోజులు మూడు స్టేషన్లు. అల్లూరి సీతారామరాజు, గాం గంటందొర, మల్లుదొర, వాళ్ల వెంట మన్యం జనం. 26 తుపాకులు, 2500కు పైగా తూటాలు పట్టుకుపోయారు. ఏమేం తీసుకున్నారో స్టేషన్ రికార్డులోనే రాసి మరీ వెళ్లారు. సెప్టెంబరు 24న దామనపల్లి ఘాట్‌లో స్కాట్ కవార్డ్, హైటర్ అనే ఇద్దరు తెల్ల అధికారులు చనిపోయారు. ఆ తర్వాత సర్కారు మలబార్ స్పెషల్ పోలీసును, అస్సాం రైఫిల్స్‌ను దింపింది. మన్యంలో స్టేషన్ ఆయుధాగారం అంటే కాపలా కాయాల్సిన ఆస్తి, అదే సమయంలో ఎర కూడా.

నిజాం ఇలాకాలో కథ వేరు, కానీ తుపాకీ తిరిగిన దిక్కు ఒకటే. 1940లో జోడేఘాట్‌లో కొమరం భీం, ఆయన సహచరులు నిజాం పోలీసుల కాల్పుల్లో నేలకొరిగారు. ఎనిమిదేళ్లు తిరగకముందే అదే నిజాం సర్కారుకు ఆయుధాలు దొరకని పరిస్థితి వచ్చింది. 1948లో సిడ్నీ కాటన్ అనే ఆస్ట్రేలియా పైలట్ కరాచీ నుంచి రాత్రిపూట విమానాల్లో హైదరాబాద్ రాజ్యానికి తుపాకులు దొంగతనంగా చేరవేశాడు. టెండరూ లేదు, పరీక్షా లేదు. సెప్టెంబరు 13 నుంచి 17 దాకా అయిదు రోజుల్లో అంతా ముగిసిపోయింది. హడావిడిగా ఆయుధాలు కొన్నంత మాత్రాన బలం రాదనడానికి మన దగ్గరే ఉన్న ఉదాహరణ ఇది.

స్వతంత్రం వచ్చాక రాజ్యాంగం లెక్కను రెండుగా పంచింది. పోలీసు శాఖ రాష్ట్రాల జాబితాలో ఉంది, ఆయుధాలు కేంద్రం జాబితాలో ఉన్నాయి. అంటే పోలీసును పెట్టుకునేది రాష్ట్రం, తుపాకీకి దారి మాత్రం ఢిల్లీ మీదుగా. చాలా ఏళ్లు స్టేషన్లలో త్రీ నాట్ త్రీ రైఫిళ్లు, 410 మస్కెట్లు, అధికారుల దగ్గర పాయింట్ 38 రివాల్వర్లే ఉండేవి. తర్వాత బెల్జియం వారి బ్రౌనింగ్ నమూనాలో ఇషాపూర్ రైఫిల్ ఫ్యాక్టరీ చేసిన 9 ఎంఎం పిస్తోలు వచ్చింది. రివాల్వర్‌లో ఆరు తూటాలు, దీని మ్యాగజైన్‌లో 13. చూడటానికి ఇది సులువైన ఎంపికే అనిపిస్తది. కానీ రివాల్వర్‌లో ఒక తూటా పేలకపోతే ట్రిగ్గర్ మళ్లీ నొక్కితే చాలు, తర్వాతి తూటా వస్తుంది. పిస్తోలులో అయితే స్లైడ్ లాగాలి, ఇరుక్కున్నదాన్ని తీయాలి, సేఫ్టీ గుర్తుంచుకోవాలి. అంటే చేతికి అలవాటు కావాలి. అలవాటు కావాలంటే ఏటా కాల్చడానికి తూటాలు కావాలి. పిస్తోలు కొన్న రాష్ట్రం శిక్షణ తూటాలు కొనకపోతే సగం పనే చేసినట్టు.

1981 ఏప్రిల్ 20న ఇంద్రవెల్లిలో మన వాళ్ల మీద కాల్పులు జరిగాయి. సర్కారు లెక్క 13 మంది. పౌరహక్కుల సంఘాల లెక్క అంతకు ఎన్నో రెట్లు ఎక్కువ. గుంపు ముందు నిలబడ్డ పోలీసు చేతిలో ప్రాణం తీసే తుపాకీ తప్ప వేరే దారి ఉందా అన్నది కూడా ఆయుధాల కొనుగోలుకు సంబంధించిన ప్రశ్నే. 1990లో హవానాలో ఐక్యరాజ్యసమితి ఆమోదించిన సూత్రాలు ఇదే చెప్పాయి: ప్రాణం తీయని సాధనాలు కూడా పోలీసు దగ్గర ఉండాలి.

రెండో వైపు కూడా చూడాలి. 2004 ఫిబ్రవరిలో మన పొరుగునే కోరాపుట్‌లో జిల్లా ఆయుధాగారాన్ని మావోయిస్టులు కొల్లగొట్టారు. 2008 నవంబరు 26న ముంబై రైల్వే స్టేషన్‌లో ఏకే 47ల ముందు పోలీసులు త్రీ నాట్ త్రీలతో, లాఠీలతో నిలబడ్డారు. 2015 ఏప్రిల్‌లో సూర్యాపేట బస్టాండ్‌లో తనిఖీ చేస్తున్న సిబ్బందిపై కాల్పులు జరిగి ఒక కానిస్టేబుల్, ఒక హోంగార్డు చనిపోయారు. ఇలాంటి చోట్ల చనిపోయేది పెద్ద అధికారులు కాదు, మనలాంటి ఇళ్ల పిల్లలే. అందుకే "పోలీసుకు మంచి తుపాకీ ఎందుకు" అని మనం అనలేం.

మరి ఇప్పుడు ఎట్ల కొంటారు? జిల్లాలు, కమిషనరేట్లు తమకు కావాల్సినవి రాసి పంపుతాయి. డీజీపీ ఆఫీసులోని ప్రొవిజనింగ్ అండ్ లాజిస్టిక్స్ విభాగం వాటిని కలిపి చూస్తుంది. 1969లో మొదలైన పోలీసు ఆధునికీకరణ పథకం కింద కేంద్రం డబ్బు ఇస్తుంది. మనలాంటి రాష్ట్రాలకు కేంద్రం 60, రాష్ట్రం 40. పిస్తోలు బరువెంత, ఎన్ని తూటాలు పట్టాలి, దుమ్ములో, తడిలో పనిచేయాలా లాంటి కొలతలను 1970లో ఏర్పడ్డ బీపీఆర్ అండ్ డీ అనే కేంద్ర సంస్థ రాసి పెడుతుంది. వీటినే క్యూఆర్‌లు అంటారు. చాలాకాలం సరఫరా అంతా ఆర్డినెన్స్ ఫ్యాక్టరీల నుంచే. ఆ బోర్డును 2021 అక్టోబరు 1న ఏడు కంపెనీలుగా విడగొట్టారు. ఆయుధాలు ఆలస్యంగా వస్తున్నాయని, పాతవాటితోనే నెట్టుకొస్తున్నారని చాలా రాష్ట్రాల మీద కాగ్ నివేదికలు రాస్తూనే ఉన్నాయి. ఉత్తరప్రదేశ్ పోలీసులు త్రీ నాట్ త్రీకి వీడ్కోలు చెప్పింది 2020 రిపబ్లిక్ డే నాడు!

ఎంపికలో తప్పు జరిగితే ఎంత ఖరీదు అవుతుందో అమెరికా చూసింది. 1986 ఏప్రిల్ 11న మయామిలో ఇద్దరు దొంగలతో జరిగిన కాల్పుల్లో ఎఫ్‌బీఐ ఏజెంట్లు ఇద్దరు చనిపోయారు. 9 ఎంఎం బలం చాలలేదని పెద్ద 10 ఎంఎం తూటాకు మారారు. దాని తన్ను చాలామంది చేతులు తట్టుకోలేకపోయాయి. అక్కడి నుంచి పాయింట్ 40కి వచ్చారు, చివరికి తిరిగి 9 ఎంఎంకే చేరారు. దాదాపు ముప్పై ఏళ్లు తిరిగి నేర్చుకున్నది ఒక్కటే: పెద్ద తూటా కన్నా గురి తప్పని చెయ్యి ముఖ్యం. ఇది మనకూ పనికొచ్చే మాట. తెలంగాణ సివిల్ పోలీసు నియామకాల్లో ఆడపిల్లలకు 33 శాతం ఉంది. రెండు వరసల తూటాలు పట్టే లావు పిడి పిస్తోలు చిన్న చేతికి సరిగ్గా పట్టు దొరకదు. ఉట్నూరు నుంచో, ఏటూరునాగారం నుంచో వచ్చిన చెల్లె చెయ్యి ఎంత ఉంటదో ఆ క్యూఆర్ కాగితంలో ఉండాలి.

ఇంకో సంగతి. ఇప్పుడు ఆయుధం మన గల్లీ దగ్గరే తయారవుతోంది. నిజాంపేట నుంచి కూకట్‌పల్లి దాటితే బాలానగర్. అక్కడి లోకేష్ మెషీన్స్ కంపెనీ అస్మి అనే 9 ఎంఎం మెషిన్ పిస్టల్ తయారు చేస్తోంది. పుణెలోని డీఆర్‌డీఓ ప్రయోగశాల, సైన్యం కలిసి చేసిన డిజైన్ అది. 2024లో సైన్యం ఉత్తర కమాండ్ 550 తీసుకుంది. ఐటీఐ, డిప్లొమా చేసిన మన పిల్లలు ఈ రంగం వైపు కూడా ఒక కన్ను వేయాలి.

అన్నిటికన్నా ముఖ్యమైనది చివర చెప్తున్నాం. గాడులున్న గొట్టంలోంచి వచ్చిన తూటా మీద ఆ గాడుల గుర్తులు పడతాయి. ఖాళీ తొడుగు మీద కూడా గుర్తు ఉంటది. ఏ తూటా ఏ తుపాకీదో ల్యాబ్ చెప్పగలదు. నున్నటి మస్కెట్ తూటా మీద గాడుల గుర్తులు వేయదు. ఎన్‌కౌంటర్ జరిగితే దర్యాప్తు బృందం కోరినప్పుడు పోలీసులు తమ ఆయుధాలను బాలిస్టిక్ పరీక్షకు అప్పగించాలని సుప్రీంకోర్టు 2014లో పీయూసీఎల్ కేసులో చెప్పింది. అంటే మంచి తుపాకీతో పాటు నంబరు రిజిస్టరు, తూటాల లెక్క సక్రమంగా ఉంటే, చనిపోయిన వాడి ఇంటికి న్యాయం దొరికే దారి ఉంటది. నిజాయితీగా డ్యూటీ చేసిన పోలీసుకూ అదే రక్ష.

కాబట్టి తుపాకీ ఎక్కడ దాచారని మనం అడగొద్దు, అది మన పని కాదు. పిస్తోళ్లకు ఎంత ఖర్చయింది, శిక్షణ తూటాలకు ఎంత, ప్రాణం తీయని సాధనాలకు ఎంత అని అడగొచ్చు. కాగ్ నివేదికలు, బడ్జెట్ పుస్తకాలు అందరికీ దొరుకుతాయి, చదవండి. రేపు యూనిఫాం వేసుకునే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, రిజిస్టరులో సంతకం పెట్టి ఆ పిస్తోలు తీసుకునే రోజు చింతపల్లి, జోడేఘాట్, ఇంద్రవెల్లి పేర్లు గుర్తుంచుకోండి. ఇప్పటికే డిపార్ట్‌మెంట్‌లో ఉన్న అన్నలు, అక్కలు శిక్షణలో తమకు తెలిసింది కింద రాస్తే అందరికీ ఉపయోగం.

జై ఆదివాసీ!