రికార్డుకెక్కని చేతులు: హిప్ హాప్ తొలితరం గురించి

ఒక పాటల ఉద్యమానికి పుట్టినరోజు దొరకడం అరుదు. హిప్ హాప్‌కి మాత్రం ఒక తేదీ చెప్తారు: 1973 ఆగస్టు 11. ఆ లెక్కన 2023లో అమెరికా అంతటా యాభై ఏళ్ళ పండగ జరిగింది. అంతకు ఆరేళ్ళ ముందే, 2017లో, అమెరికాలో జనం ఎక్కువగా వినే సంగీతంగా హిప్ హాప్, ఆర్ అండ్ బి కలిసి రాక్‌ను దాటేశాయి. 2018లో కెండ్రిక్ లమార్‌కి పులిట్జర్ బహుమతి వచ్చింది. ఇవాళ ర్యాప్ వినే మన పిల్లలకు కెండ్రిక్ తెలుసు. టూపాక్ తెలుసు. అంతకు వెనక్కి వెళ్ళమంటే మాట ఆగిపోతుంది. లేకపోతే ఒక తీర్పు వస్తుంది: "పాతవాళ్ళు ఏదో సాదాసీదాగా ప్రాస కలిపేవాళ్ళు, అందులో ఏముంది?"

ఈ తీర్పును మేము ఒప్పుకోం. పెద్దలను గౌరవించాలన్న నీతి చెప్పడానికి కాదు ఈ వ్యాసం. తొలితరం ఎందుకు మరుగున పడిందో చూస్తే, చరిత్రలోకి ఎవరిని రానిస్తారో, ఎవరిని గుమ్మం దగ్గరే ఆపేస్తారో అర్థమవుతుంది. ఆ సంగతి మనకు కొత్త కాదు గనక, వాళ్ళ కథ మనం శ్రద్ధగా వినాలి.

ముందు ఆ చోటు సంగతి. న్యూయార్క్ నగరంలో బ్రాంక్స్ అనే ప్రాంతం. రాబర్ట్ మోజెస్ అనే అధికారి ప్రణాళికతో 1948లో అక్కడ క్రాస్ బ్రాంక్స్ ఎక్స్‌ప్రెస్‌వే పని మొదలైంది. పేదల పేటల్ని నిలువునా చీల్చుకుంటూ రోడ్డు పోయింది. వేలాది కుటుంబాలు ఇళ్ళు వదిలి పోయాయి. డబ్బున్న తెల్లవాళ్ళు శివార్లకు వెళ్ళిపోయారు. మిగిలింది నల్లవాళ్ళు, ప్యూర్టోరికోనుంచి వచ్చినవాళ్ళు, కరీబియన్ దీవులనుంచి వలసొచ్చినవాళ్ళు. 1970లలో సౌత్ బ్రాంక్స్ తగలబడింది. బీమా డబ్బు కోసం కొందరు యజమానులు సొంత బిల్డింగులకే నిప్పు పెట్టించారు. అదే కాలంలో నగరపాలన ఖర్చు తగ్గింపు పేరిట ఫైర్ స్టేషన్లు మూసింది. 1975 ఆర్థిక సంక్షోభంలో బడుల్లో సంగీతం టీచర్లకూ కోత పడింది. వాద్యం కొనలేని పిల్లలకు, వాద్యం నేర్పే బడి లేని పిల్లలకు ఇంట్లో మిగిలింది అమ్మానాన్నల పాత రికార్డులు, వాటిని తిప్పే టర్న్‌టేబుల్. వాళ్ళు దాన్నే వాద్యం చేసుకున్నారు.

1520 సెడ్జ్‌విక్ అవెన్యూ అనే అపార్టుమెంటు కింది హాల్లో ఆ ఆగస్టు రాత్రి పార్టీ జరిగింది. రికార్డులు తిప్పినవాడు క్లైవ్ క్యాంప్‌బెల్, అందరూ పిలిచే పేరు కూల్ హెర్క్. 1955లో జమైకాలోని కింగ్‌స్టన్‌లో పుట్టి, 1967లో బ్రాంక్స్ వచ్చాడు. పార్టీ పెట్టింది మాత్రం ఆయన చెల్లెలు సిండీ. బడి తెరిచే రోజులు దగ్గరపడ్డాయి, కొత్త బట్టలు కొనుక్కోవాలి, డబ్బు కావాలి. ఆడపిల్లలకు పావు డాలర్, మగపిల్లలకు అర డాలర్ టికెట్టు పెట్టింది. ప్రపంచమంతా పాకిన ఒక సంగీతం ఒక ఆడపిల్ల బడి బట్టల ఖర్చు దగ్గర మొదలైందన్న సంగతి చాలా పుస్తకాల్లో ఒక్క వాక్యంతో సరిపోతుంది. మాకు అది ఒక్క వాక్యం సంగతి కాదు.

హెర్క్ చేసిన పని ఏమిటి? పాటలో గొంతు ఆగి డ్రమ్ములు, బేస్ మాత్రమే మోగే భాగం కొద్ది సెకన్లుంటుంది. దాన్ని బ్రేక్ అంటారు. డాన్సు చేసే పిల్లలు ఆ బ్రేక్ కోసమే కాచుకుని ఉంటారని ఆయన గమనించాడు. ఒకే రికార్డు రెండు ప్రతులు రెండు టర్న్‌టేబుళ్ళ మీద పెట్టి, ఒకదాంట్లో బ్రేక్ అయిపోగానే రెండోదాంట్లో అదే బ్రేక్ మొదలుపెట్టాడు. సెకన్ల ముక్క నిమిషాల దరువైంది. ఆ దరువు మీద ఆడినవాళ్ళే బి-బాయ్‌లు, బి-గర్ల్‌లు. ఆయన పక్కన మైకు పట్టుకుని జనాన్ని పేరు పెట్టి పిలిచి ఉత్సాహపరచినవాడు కోక్ లా రాక్. హిప్ హాప్ తొలి ఎంసీ ఆయనే అంటారు. పెద్ద స్పీకర్లు వీధిలోకి తెచ్చి పార్టీ చేసే జమైకా పద్ధతి ఇందులో కలిసింది.

బార్బడోస్‌లో పుట్టి బ్రాంక్స్‌లో పెరిగిన గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ వృత్తివిద్యా పాఠశాలలో ఎలక్ట్రానిక్స్ చదివాడు. ఒక రికార్డు జనానికి వినిపిస్తుండగా రెండోదాన్ని హెడ్‌ఫోన్‌లో తాను ముందే వినేట్టు ఏర్పాటు చేసుకున్నాడు. బ్రేక్ ఎక్కడ మొదలవుతుందో రికార్డు మీద క్రేయాన్‌తో గీత గీసి, ఎన్ని చుట్లు వెనక్కి తిప్పాలో లెక్క కట్టాడు. థియోడోర్ అనే పిల్లాడు, తర్వాత గ్రాండ్ విజార్డ్ థియోడోర్, పన్నెండు పదమూడేళ్ళ వయసులో, 1975 ప్రాంతంలో, స్క్రాచ్ కనిపెట్టాడు. సౌండు ఎక్కువైందని అమ్మ గది తలుపు దగ్గరకొచ్చి కేకలేస్తుంటే రికార్డును చేత్తో ఆపానని, ముందుకూ వెనక్కూ కదిలిస్తే వచ్చిన శబ్దం నచ్చిందని ఆయనే చెప్పుకున్నాడు. ఇంజనీరింగ్ కాలేజీలో జరిగితే దీన్ని ఆవిష్కరణ అనేవాళ్ళు. పేదల పేటలో జరిగింది గనక చాలాకాలం గోల అన్నారు.

మరి వీళ్ళ పేర్లు ఎందుకు పోయాయి? మొదటి కారణం రికార్డే. 1973 నుంచి 1979 దాకా హిప్ హాప్ పార్కుల్లో, బడి ఆవరణల్లో, హాళ్ళలో బతికింది. వీధిదీపం స్తంభంనుంచి కరెంటు లాగి వాయించేవాళ్ళు. అది దుకాణంలో అమ్మే సరుకు కాదు. హెర్క్ ఆ రోజుల్లో తన రికార్డు ఏదీ వేయలేదు. 1977లో ఒక క్లబ్బులో గొడవ ఆపబోయి కత్తిపోట్లకు గురై కొంతకాలం వెనక్కి తగ్గాడు. దుకాణానికి వచ్చిన దగ్గర్నుంచే చరిత్ర రాసేవాళ్ళకు ఆ ఆరేళ్ళూ కనిపించవు. మౌఖికంగా బతికినదాన్ని 'ముందుమాట' చేసి, అచ్చయినదాన్ని 'చరిత్ర' చేయడం మనకు బాగా తెలిసిన పద్ధతి.

రెండో కారణం సంతకం. 1979లో షుగర్‌హిల్ గ్యాంగ్ 'ర్యాపర్స్ డిలైట్' వచ్చింది. అమెరికా టాప్ 40లోకి వెళ్ళిన తొలి ర్యాప్ పాట అది. ఆ ముగ్గురిలో ఒకడైన బిగ్ బ్యాంక్ హ్యాంక్ అప్పటికి న్యూజెర్సీలో పిజ్జా దుకాణంలో పనిచేస్తున్నాడు. అతను పాడిన చరణాలు బ్రాంక్స్‌కు చెందిన గ్రాండ్‌మాస్టర్ కాజ్ నోట్‌బుక్‌లోవి. పాటలో హ్యాంక్ తనను పరిచయం చేసుకునే చోట కాజ్ మారుపేరే అక్షరాలతో సహా మిగిలిపోయింది. దొంగిలించిన బిందె మీద ఇంటిపేరు చెక్కి ఉన్నట్టు. అయినా పాట రాసినవాళ్ళ పేర్లలో కాజ్ లేడు. అదే పాట 'షిక్' బృందం దరువు వాడుకున్నందుకు నైల్ రాడ్జర్స్, బెర్నార్డ్ ఎడ్వర్డ్స్ కోర్టుకెక్కుతామంటే వాళ్ళ పేర్లు చేర్చారు. వాళ్ళది న్యాయమైన వాటా. కానీ లాయరున్నవాడికి పేరొచ్చింది, నోట్‌బుక్కున్నవాడికి రాలేదు.

ఇక్కడ ఒక మాట దాచకూడదు. ఆ రికార్డు కంపెనీ నడిపింది తెల్లవాళ్ళు కాదు. సిల్వియా రాబిన్సన్ నల్లజాతి స్త్రీ, స్వయంగా గాయని. ఆమె లేకపోతే ర్యాప్ రికార్డుల మీదకు రావడానికి ఇంకెన్నాళ్ళు పట్టేదో. 1982లో 'ది మెసేజ్' వెనక పట్టుదల ఆమెదే. పేదపేట బతుకును సూటిగా చెప్పిన ఆ పాటను పార్టీ పాటలకు అలవాటుపడ్డ బృందం మొదట ఇష్టపడలేదు. రికార్డు మీద పేరు గ్రాండ్‌మాస్టర్ ఫ్లాష్ అండ్ ది ఫ్యూరియస్ ఫైవ్‌ది. పాటలో ప్రధానంగా వినిపించేది మెలీ మెల్ గొంతు, డ్యూక్ బూటీ గొంతు. ఎక్కువ భాగం రాసింది బూటీ. ఆయన తర్వాత టీచరుగా బతికి 2021లో చనిపోయాడు. పీడితుల ఇంట్లో కూడా పెద్దవాటా చిన్నవాటా ఉంటాయి. అది చెప్పకపోతే చరిత్ర సగమే అవుతుంది.

మూడో కారణం మగతనం. ఫంకీ ఫోర్ ప్లస్ వన్ బృందంలో ఆ 'ప్లస్ వన్' షా-రాక్ అనే ఆడపిల్ల. నలుగురితో సమానంగా మైకు పట్టినా లెక్కలో 'అదనం'. 1981 ఫిబ్రవరి 14న 'సాటర్డే నైట్ లైవ్'లో ఆ బృందం పాడింది. అమెరికా జాతీయ టెలివిజన్‌లో కనిపించిన తొలి ర్యాప్ బృందం అదే. అంతా ఆడవాళ్ళే ఉన్న మెర్సిడీస్ లేడీస్ బ్రాంక్స్‌లో పుట్టింది. సౌత్ కరొలినానుంచి వచ్చిన ముగ్గురమ్మాయిల బృందం ది సీక్వెన్స్ 1979లోనే రికార్డు వేసింది. అందులో ఒకరైన ఏంజీ స్టోన్ తర్వాత సోల్ గాయనిగా పేరు తెచ్చుకుని 2025లో రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. క్వీన్స్‌బ్రిడ్జ్ పేదల ఇళ్ళనుంచి రాక్సాన్ షాంటే పద్నాలుగేళ్ళకే, 1984లో, మగవాళ్ళ పాటకు పాటతో ఎదురు జవాబిచ్చింది. ఈ పేర్లు తీసేసి "ఆడవాళ్ళు ర్యాప్‌లోకి ఆలస్యంగా వచ్చారు" అని రాయడం అబద్ధం.

నాలుగో కారణం చట్టం. హిప్ హాప్ దరువుల కింద ఇంకా పాత చేతులున్నాయి. 1969లో ది విన్‌స్టన్స్ బృందం 'ఆమెన్, బ్రదర్' రికార్డు చేస్తున్నప్పుడు గ్రెగరీ కోల్‌మన్ సుమారు ఏడు సెకన్లు ఒంటరిగా డ్రమ్ములు కొట్టాడు. ఆ ఏడు సెకన్లు వేలాది పాటల్లోకి పోయాయి. కోల్‌మన్‌కు పైసా రాలేదు. ఆయన 2006లో ఇల్లూవాకిలీ లేకుండా చనిపోయాడు. జేమ్స్ బ్రౌన్ 'ఫంకీ డ్రమ్మర్' పాటలో డ్రమ్ములు క్లైడ్ స్టబుల్‌ఫీల్డ్‌వి. పాట పేరే డ్రమ్మరు మీద ఉంది, హక్కుల్లో మాత్రం డ్రమ్మరు లేడు. ఆయన 2017లో చనిపోయాడు. 1991లో అమెరికా కోర్టు ఒక తీర్పుతో శాంపిల్ వాడాలంటే అనుమతి తీసుకోవాలని తేల్చాక డబ్బు కదిలింది గాని, అది పాట రాసినవాడికీ రికార్డు సొంతదారుకీ పోయింది. మాట, బాణీ ఆస్తి అయ్యాయి. దరువు కూలిగా మిగిలింది. డప్పు మోత లేకుండా ఊళ్ళో పెళ్ళీ చావూ జరగవు, డప్పు కొట్టినోడి పేరు మాత్రం ఎవరూ అడగరు. ఈ లెక్క మనకు వివరించి చెప్పనక్కర్లేదు.

కులమూ జాతీ ఒకటేనని మేము అనడంలేదు. బ్రాంక్స్ వేరు, వెలివాడ వేరు. కానీ ఆ రెండు చోట్ల మనుషులు ఒకరి మాట ఒకరు వినడం నిన్నటి సంగతి కాదు. 1873లో ఫూలే 'గులాంగిరి'ని నీగ్రో బానిసత్వం పోగొట్టేందుకు పాటుపడిన అమెరికా ప్రజలకు అంకితమిచ్చాడు. 1946లో అంబేడ్కర్ డబ్ల్యు.ఇ.బి. డుబాయిస్‌కు ఉత్తరం రాసి, ఐక్యరాజ్యసమితికి నల్లవాళ్ళు పెట్టుకున్న అర్జీ గురించి అడిగాడు. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ బ్లాక్ పాంథర్స్ పేరునే ఎత్తుకుంది. 2021లో అరివు అనే తమిళ దళిత ర్యాపర్ రాసి పాడిన 'ఎంజాయ్ ఎంజామి' దేశమంతా మోగింది. ఆ ఆగస్టులో రోలింగ్ స్టోన్ ఇండియా ముఖచిత్రం మీద అరివు లేకపోయేసరికి దర్శకుడు పా. రంజిత్ బాహిరంగంగా నిలదీశాడు. తర్వాత ఆ పత్రిక అరివుతో మరో ముఖచిత్రం వేసింది. కాజ్ నోట్‌బుక్‌కీ దీనికీ మధ్య నలభై రెండేళ్ళు. అడిగేవాళ్ళు ఉండబట్టి ఈసారి పేరు తిరిగొచ్చింది.

గౌరవమంటే పూజ కూడా కాదు. తొలితరంలో పెద్దపేరు ఆఫ్రికా బంబాటా. యువకుడిగా తమను లైంగికంగా హింసించాడని, తాము అప్పుడు పిల్లలమని 2016 నుంచి పలువురు మగవాళ్ళు ఆయన మీద ఆరోపణలు చేశారు. ఆయన వాటిని ఖండించాడు. 'ప్లానెట్ రాక్' చరిత్రలో ఉంటుంది, ఆ ఆరోపణలూ ఉండాలి. మరుగునపడ్డవాళ్ళను వెలికితీసే పనిలో ఇంకొకరి గొంతు నొక్కితే ఆ పనికి అర్థం లేదు.

ఇక యువ శ్రోతలతో ఒక మాట. పాతపాట సాదాగా వినిపిస్తోందంటే కొలబద్ద మారిందని అర్థం. ఆనాటి ఎంసీ పని ఎదురుగా ఉన్న జనాన్ని గంటల తరబడి కదిలించడం. ఒంటరిగా హెడ్‌ఫోన్‌లో వినేవాడికోసం ఆ ప్రాసలు పుట్టలేదు. దుకాణపు రికార్డులకంటే పార్టీల్లో తీసిన క్యాసెట్లు వినండి. చేతులు మారుతూ తిరిగిన ఆ క్యాసెట్లలో కోల్డ్ క్రష్ బ్రదర్స్ పోటీలు వింటే, డీజే చార్లీ చేజ్ అనే ప్యూర్టోరికో కుర్రాడి చేతివాటం వింటే, ఇవాళ మనం కొత్తదనుకునేది ఎంత పాతదో తెలుస్తుంది. కార్నెల్ యూనివర్సిటీ 2007లో హిప్ హాప్ సేకరణ మొదలుపెట్టి పార్టీ కరపత్రాలు కూడా దాచింది. అదే ఏడాది న్యూయార్క్ రాష్ట్రం 1520 సెడ్జ్‌విక్‌ను హిప్ హాప్ పుట్టిల్లుగా గుర్తించింది. ఆ సమయంలోనే అద్దెలు పెంచే కొనుగోలుదార్ల చేతికి బిల్డింగు పోకుండా అందులో అద్దెకున్నవాళ్ళు పోరాడుతున్నారు. హెర్క్ వాళ్ళ పక్కన నిలబడ్డాడు. ఆ హెర్క్‌కే 2011లో జబ్బు చేస్తే ఆరోగ్యబీమా లేదు, అభిమానులు చందాలు పోగుచేయాల్సి వచ్చింది. రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ ఆయన్ను చేర్చుకున్నది 2023లో, ఆ మొదటి పార్టీ జరిగిన యాభై ఏళ్ళకు.

మన ఊళ్ళలో పాటలు సేకరించే విద్యార్థులకు, కార్యకర్తలకు ఈ కథనుంచి తీసుకోదగ్గ పని ఒకటుంది. పాట ఒక్కటే రాసుకుని రావద్దు. పాడినామె పేరు, ఊరు, ఏడాది రాయండి. ఆ పాట ఆమెకు ఎవరు నేర్పారో అడగండి. డప్పు ఎవరు కొట్టారో, గొంతు ఎవరు కలిపారో, ఆ రోజు ఎవరు పిలిస్తే అందరూ పోగయ్యారో కూడా రాయండి. పుస్తకం అచ్చయినప్పుడు ఆ పేర్లు పాట పక్కనే వేయండి, చివరి పేజీలో చిన్నక్షరాల్లో కాదు. ఆ పుస్తకం ఒక ప్రతి వాళ్ళ ఇంటికి చేర్చండి. డబ్బు వస్తే వాటా ఇవ్వండి.