ఫోన్ ట్యాపింగ్ (భారతదేశం)

నేర పరిశోధన కోసమో, దేశ భద్రత కోసమో ప్రభుత్వ సంస్థలు ఒకరి ఫోన్ సంభాషణలను రహస్యంగా వినడం, రికార్డు చేయడం.

చట్టం: చాలాకాలం దీనికి ఆధారం 1885 నాటి టెలిగ్రాఫ్ చట్టంలోని 5(2) సెక్షన్. ఆ స్థానంలో 2023 టెలికమ్యూనికేషన్ల చట్టం, 2024 డిసెంబరులో దాని నిబంధనలు వచ్చాయి.

రక్షణలు: పౌరహక్కుల సంస్థ పీయూసీఎల్ వేసిన కేసులో 1996లో సుప్రీంకోర్టు, టెలిఫోన్ సంభాషణ వ్యక్తి గోప్యతలో భాగమని చెప్పింది. సాధారణంగా కేంద్ర లేదా రాష్ట్ర హోం కార్యదర్శి ఉత్తర్వు ఉండాలి. దాని గడువు 60 రోజులు. పొడిగించినా 180 రోజులు దాటకూడదు. ఉత్తర్వులను సమీక్ష సంఘం పరిశీలిస్తుంది. కేంద్రంలో కేబినెట్ కార్యదర్శి, రాష్ట్రంలో ప్రధాన కార్యదర్శి దానికి అధ్యక్షులు. 2017లో పుట్టస్వామి కేసులో తొమ్మిదిమంది న్యాయమూర్తుల ధర్మాసనం గోప్యతను ప్రాథమిక హక్కుగా ప్రకటించింది. ఆ హక్కులో జోక్యానికి చట్టం, సమంజసమైన లక్ష్యం, ఆ లక్ష్యానికి తగిన మోతాదు ఉండాలన్నది.

చర్చ: బాంబు దాడినో, పిల్లల అపహరణనో ఆపడానికి ఈ అధికారం అవసరమే. అయితే అనుమానితుడి ఫోన్ వింటే అవతల మాట్లాడే తల్లి, వైద్యుడు, వకీలు మాటలు కూడా వినబడతాయి. ఉత్తర్వుకు ముందు న్యాయమూర్తి అనుమతి అక్కర్లేకపోవడం, విన్న సంగతి పౌరుడికి తెలియజేయకపోవడం ఈ వ్యవస్థలోని పెద్ద లోపాలు.