పంపకవి తమ్ముడి శాసనం

కన్నడిగులు ఆదికవిగా కొలిచే పంపడు కావ్యరచన చేసింది మన కరీంనగర్ సీమలో. పదో శతాబ్దంలో వేములవాడ రాజధానిగా ఏలిన చాళుక్య ప్రభువు రెండో అరికేసరికి ఆయన ఆస్థానకవి. ఆ రాజునే అర్జునుడిగా నిలిపి ‘విక్రమార్జున విజయం’ రాశాడు. వృషభనాథుడి కథగా ‘ఆదిపురాణా’న్ని 941లో పూర్తిచేశాడు. మెచ్చిన ప్రభువు ధర్మపురం అగ్రహారం ఇచ్చాడు.

ఆయన ఇంటి సంగతులు తెలియాలంటే గంగాధర మండలం కురిక్యాల దగ్గరి బొమ్మలగుట్ట ఎక్కాలి. పంపడి తమ్ముడు జినవల్లభుడు 945 ప్రాంతంలో అక్కడి బండమీద జైన దేవత చక్రేశ్వరిని, తీర్థంకరులను మలిపించి, శాసనం చెక్కించాడు. తండ్రి భీమపయ్య, తల్లి అబ్బణబ్బె, పూర్వుల ఊరు వేంగినాటి వంగిపర్రు అని అందులో ఉంది. త్రిభువనతిలకమనే బసది కట్టించానని, మదనవిలాసమనే తోట వేయించానని చెప్పుకున్నాడు. తవ్వించిన చెరువుకు పెట్టిన పేరు కవితాగుణార్ణవం. అది అన్నగారి బిరుదు!

శాసనం సంస్కృతం, కన్నడం, తెలుగు మూడింటిలోనూ సాగుతుంది. తెలుగు భాగంలో మూడు కంద పద్యాలున్నాయి.

కందం రాయడం తేలిక కాదు. నాలుగు పాదాలకూ ప్రాస కుదరాలి, ఆరో గణం నలమో జగణమో కావాలి, రెండో, నాలుగో పాదాల చివర గురువు పడాలి. నన్నయకు దాదాపు వందేళ్ల ముందే ఇన్ని కట్టుబాట్లతో పద్యం బండకెక్కిందంటే, అంతకు ఎంతో ముందు నుంచే ఈ నేలన తెలుగు పద్యం నలుగుతూ ఉండాలి. తెలుగు ప్రాచీనత గురించి మాట్లాడే పండితులు కురిక్యాల పేరు ఎత్తకుండా ఉండరు.

అన్న పేరిట కర్ణాటక ప్రభుత్వం 1987 నుంచి పంప ప్రశస్తి ఇస్తోంది. తమ్ముడు చెక్కించినలాంటి తొలి రాతలను ఎలా గౌరవించాలో మాత్రం స్పెయిన్‌ను చూసి నేర్చుకోవాలి. అక్కడి సాన్ మిల్యాన్ మఠాల సన్యాసులు లాటిన్ గ్రంథం అంచున రాసుకున్న చిన్న చిన్న అర్థాలు స్పానిష్ తొలి రాతల్లో లెక్కకొస్తాయి. ఆ భాషకు పుట్టినిల్లుగా ఆ మఠాలను యునెస్కో 1997లో ప్రపంచ వారసత్వ జాబితాలో చేర్చింది.

గ్రానైట్ కోసం గుట్టలు కరిగిపోతున్న కరీంనగర్‌లో బొమ్మలగుట్టకూ అలాంటి కాపుదల కావాలి. జిల్లా బడిపిల్లలు నన్నయ పాఠం చదివే ఏడాదే ఈ మూడు కందాలనూ బండమీద చూసి రావాలి.