మునిగిన ఓడ, పగలని కప్పులు

1752 జనవరి 3, పొద్దుగూకే వేళ. ఇప్పటి సింగపూర్‌కు దగ్గర్లో, బింటన్ దీవి దాపున ‘గెల్డర్‌మాల్సెన్’ అనే డచ్చి ఓడ దక్షిణ దిక్కుగా సాగుతోంది. చైనాలోని కాంటన్ రేవు విడిచి అప్పటికి మూడు వారాలైనా కాలేదు. నేరుగా హాలండ్ చేరాలి. ఆ దారిలో నావికులకు హడలు పుట్టించే నీటి అడుగు దిబ్బలున్నాయి. వాటిని దాటేశామన్న నమ్మకంతో కెప్టెన్ యాన్ మోరెల్ మధ్యాహ్నం దాటాక ఓడ దిశ మార్పించాడు. దాటలేదు. చీకటి ముసురుతుండగా ముందు వైపు అలలు తెల్లగా విరుగుతూ కనిపించాయి. తప్పించుకునే వ్యవధి లేకపోయింది. ఓడ అడుగు పగడపు దిబ్బను ఢీకొంది.

ఆ రాత్రి ఏం జరిగిందో చెప్పడానికి 32 మందే మిగిలారు. వాళ్ళు రెండు పడవల్లో బటేవియా చేరారు. నేటి జకార్తా అదే. కెప్టెన్‌తో సహా 80 మంది సముద్రంలో కలిసిపోయారు.

పోయిన ప్రాణాల ముందు సరుకు లెక్క చిన్నదే. అయినా ఇది ఆ సరుకు కథ. ఎందుకంటే ఓడ నిలవలేదు, నడిపినవారు నిలవలేదు, కొన్న కంపెనీ కూడా ఆ శతాబ్దం చివరికల్లా దివాలా తీసి మూతపడింది. నిలిచినవి చేయి జారితే ముక్కలయ్యే పింగాణీ కప్పులు. వాటిని నిలబెట్టింది వాటిని కట్టిన పద్ధతి.

ఆ కంపెనీ మనకు కొత్తది కాదు. 17వ శతాబ్ది మొదట్లో మచిలీపట్నంలో దిగి, భీమునిపట్నంలో తమవాళ్ళ సమాధులు మిగిల్చి వెళ్ళిన వలందుల, అంటే డచ్చివారి, ఈస్టిండియా కంపెనీయే. యూరప్‌లో టీ తాగడం అప్పటికి పెద్ద వేడుక. టీ కావాలంటే కప్పు కావాలి. ఆ కప్పును చైనావాళ్ళలా చవగ్గా, పల్చగా, వేలకు వేలు చేయగలిగినవారు మరొకరు లేరు. అందుకే గెల్డర్‌మాల్సెన్ కడుపులో 203 చెక్కపెట్టెల నిండా సుమారు 2,39,000 పింగాణీ వస్తువులు చేరాయి. టీ కప్పు, సాసరు జతలు 63,623. కాఫీకి 19,535 జతలు. చాక్లెట్ పానీయానికి 9,735. టీ కూజాలు 578. బీరు తాగడానికి పిడి ఉన్న మగ్గులు 821. ఈ అంకెలన్నీ కంపెనీ లెక్కల్లో భద్రంగా ఉన్నాయి. వీటిని పెట్టెలకెత్తిన కూలీల పేర్లు మాత్రం మనదాకా రాలేదు.

కాబట్టి వాళ్ళను ఊహించుకోవాల్సిందే.

కాంటన్, 1751 చివరి నెలలు. పెర్ల్ నది ఒడ్డున విదేశీ కంపెనీల ఇళ్ళు, చైనా వర్తకుల గిడ్డంగులు. ఈశాన్య గాలి మొదలైంది. అది వీస్తుండగానే ఓడ బయల్దేరాలి, లేకపోతే ఏడాది ఆగాలి. గిడ్డంగిలో నేలంతా ఎండుగడ్డి. ఒక ముసలాయన చిన్న కప్పులను ఒకదానిలో ఒకటి దూర్చి దొంతర పేరుస్తున్నాడు. కప్పుకీ కప్పుకీ నడుమ గడ్డి. దొంతర ముగిశాక దాని చుట్టూ గడ్డి చుట్టి తాడుతో బిగిస్తాడు. కట్ట తయారైతే పెట్టెలోకి. పక్కనే ఇంకో కట్ట. గుమాస్తా తొందరపెడుతున్నాడు. పక్కన సాయం చేసే కుర్రాడు పెట్టెలోకి తొంగిచూస్తాడు.

“తాతా, ఇంకో వరస పడుతుందిగా?”

“పడుతుంది. అప్పుడు గడ్డి పట్టదు.”

ఈ మాటలు నేను అల్లినవి. పని మాత్రం అల్లినది కాదు. కాంటన్ నుంచి పడమటికి వెళ్ళిన పింగాణీ అలాగే కట్టలుగా, గడ్డి మధ్య, చెక్కపెట్టెల్లో వెళ్ళింది. కొన్ని కంపెనీల పెట్టెల్లో సందులు పూడ్చడానికి సగ్గుబియ్యం పోసేవారు. గట్టు చేరాక దాన్ని కూడా అమ్ముకునేవారు.

పింగాణీ గుణం తెలిసినవారికే ఆ తాత జవాబు విలువ తెలుస్తుంది. దాదాపు 1300 డిగ్రీల వేడిలో కాలి గట్టిపడిన మట్టి అది. నలువైపుల నుంచీ సమంగా నొక్కితే ఎంతో బరువు మోస్తుంది. కానీ వంగదు, సాగదు. ఒక్కచోట దెబ్బ పడితే అక్కడ పుట్టిన బీట ఆగకుండా పాకుతుంది. అంటే కప్పును పగలగొట్టేది బరువు కాదు, కదలిక. కదలడానికి చోటిచ్చేది ఖాళీ. ఇంకో వరస సరుకు కోసం గడ్డి తగ్గించినవాడు పెట్టె నిండా సరుకు పంపుతాడు, పెట్టె నిండా పెంకులు చేరతాయి. మన పల్లెల్లో కుమ్మరి బండిలో ముందు వరిగడ్డి మందంగా పరిచి, కుండకీ కుండకీ మధ్య మళ్ళీ గడ్డి కూరి సంతకు తోలుకెళ్ళేవాడు. తెలివి అదే, దూరమే వేరు.

ఆ దూరం తక్కువది కాదు. ఈ సరుకు పుట్టిన జింగ్‌డెజెన్ ఊరు కాంటన్‌కు వందల మైళ్ళ ఉత్తరాన ఉంది. పడవల మీద పోయాంగ్ సరస్సు దాటి, గాన్ నది వెంట ఎగువకు వెళ్ళి, మెయ్‌లింగ్ కనుమ దగ్గర హమాలీల భుజాలకెక్కి, కొండ దిగాక మళ్ళీ పడవెక్కి కాంటన్ చేరేది. సముద్రం మొహం చూడకముందే ప్రతి కప్పూ అన్ని చేతులు మారింది. అన్నిసార్లు ఎత్తి దించినా పగలకుండా కట్టడం చైనావాళ్ళు తరతరాలుగా దిద్దుకున్న విద్య.

ఆ విద్య ఎంత దూరం వెళ్ళిందో చెప్పే సంగతి ఒకటుంది. మింగ్ వంశపు చివరి కాలపు రచయిత షెన్ దఫూ (1578–1642) రాసిపెట్టాడు. పెకింగ్‌కు (నేటి బీజింగ్‌కు) వచ్చిన విదేశీ రాయబారులు తిరిగి వెళ్ళేటప్పుడు బండ్లకొద్దీ పింగాణీ కొనుక్కువెళ్ళేవారు. వాళ్ళ దారి సముద్రం కాదు, గుంతల నేల. అంత దూరం బండి మీద పింగాణీ ఎలా బతుకుతుందని ఆయనకు అనుమానం వచ్చింది. కనుక్కున్నాడు. ప్రతి పాత్రలో కాస్త ఇసుక మట్టి, కొన్ని పప్పుగింజలు, గోధుమలు వేస్తారు. పదుల పాత్రలు ఒక్క కట్టగా బిగిస్తారు. తడి నేల మీద పెట్టి రోజూ నీళ్ళు చిలకరిస్తారు. కొన్నాళ్ళకు గింజలు మొలిచి, వేళ్ళూ కాడలూ పెనవేసుకొని సందు అన్నది లేకుండా నిండిపోతాయి. అప్పుడు ఆ కట్టను గట్టి నేల మీద పడేసి చూస్తారు. పగలనిదే ప్రయాణానికి పనికొస్తుంది. బండికెక్కించేటప్పుడు మళ్ళీ పైనుంచి పడేస్తారు. అలా నిలిచిన సరుకు ధర పదింతలు పలికేదట.

నేను చదివినవాటిలో ఇంతకు మించిన ప్యాకింగ్ లేదు. సరుకు నేల మీద పడుతుందన్న నిజాన్ని ముందే ఒప్పుకొని, దారిలో కంటే ముందు తామే పడేసి చూసుకోవడం! ‘మెల్లగా దించండి బాబూ’ అని ఎవరినో బతిమాలుకోవడం కంటే ఎంత గౌరవమైన పని అది.

మళ్ళీ ఓడ దగ్గరికి వద్దాం. పెట్టెలు చిన్న పడవల్లో వాంపోవా లంగరు దగ్గరికి చేరాయి. ఓడ సర్దడంలోనూ ఒక లెక్క ఉంది. టీకి తడి తగిలితే ఎందుకూ పనికిరాదు. పింగాణీకి నీరేం చేయదు, పైగా బరువు. అందుకని పింగాణీ పెట్టెలు అడుగున, వాటి పైన టీ. పింగాణీ బరువుతో ఓడ తూలకుండా నిలుస్తుంది, దాని ఎత్తు వల్ల ఓడ అడుగున ఊరే నీరు టీని అంటదు. గెల్డర్‌మాల్సెన్‌లో టీ మూడు లక్షల కిలోల పైమాటే. కంపెనీ దృష్టిలో అసలు సరుకు అదే.

ఆ టీ మునిగాక పింగాణీకి కాపలా అయింది. ఓడ చెక్క కుళ్ళింది. పెట్టెల పలకలు కరిగాయి. గడ్డి పోయింది. పైనున్న టీ కిందికి కుంగి, మెత్తటి దుప్పటిగా కప్పుల మీద పరుచుకుంది. దాని మీద బురద చేరింది. ఉప్పునీటి ఒరిపిడి, పగడాలు లోపలికి పెద్దగా రాలేకపోయాయి. దొంతరలు పేర్చిన వరసలోనే ఉండిపోయాయి.

పైన బటేవియాలో మరో నాటకం. ఓడలో బంగారం కూడా ఉంది. బతికొచ్చినవారిలో సరంగు క్రిస్టోఫెల్ వాన్ డైక్‌ను కంపెనీ అధికారులు పదేపదే నిలదీశారు. ఓడ మునుగుతుంటే బంగారం ఏమైంది, పడవల్లో ఎవరు ఎక్కించారు? చావు తప్పించుకొని వచ్చినవారి మీద ఆ నీడ అలాగే ఉండిపోయింది. 233 ఏళ్ళ తర్వాత 125 బంగారు కడ్డీలు సముద్రపు అడుగున, మునిగిన ఓడ దగ్గరే దొరికాయి. ఆ మాట వినడానికి వాన్ డైక్ లేడు.

1985లో వాటిని పైకి తీసినవాడు మైకేల్ హాచర్. బ్రిటన్‌లో పుట్టి ఆస్ట్రేలియాలో పెరిగాడు, మునిగిన ఓడల్లో సరుకు వెతికి అమ్మడం వృత్తి. ఆయన డైవర్లు బురదనూ టీనీ తొలగించేకొద్దీ నీలిపూల కప్పులు వరసలు వరసలుగా బయటపడ్డాయి. దాదాపు 1,60,000 వస్తువులు పైకి వచ్చాయి. 1986 ఏప్రిల్ ఆఖరులో ఆమ్‌స్టర్‌డామ్‌లో క్రిస్టీస్ సంస్థ వాటిని వేలం వేసింది. కోటి పౌన్ల దాకా పలికింది. 1752లో చేరాల్సిన పార్సిల్ అలా హాలండ్ చేరింది.

ఆ వేలానికి బీజింగ్ ప్యాలెస్ మ్యూజియం నుంచి ఇద్దరు నిపుణులు వెళ్ళారు: ఫెంగ్ షియెన్‌మింగ్, గెంగ్ బావోచాంగ్. వాళ్ళ దగ్గరున్నది 30,000 డాలర్లు. తమ దేశంలో పుట్టిన కప్పు ఒక్కటైనా కొనలేక ఉత్త చేతులతో తిరిగొచ్చారు. ఆ అవమానం ఊరికే పోలేదు. మరుసటి ఏడాది, 1987లో, చైనా తన సముద్రగర్భ పురావస్తు పరిశోధనకు పునాది వేసింది.

హాచర్ మీద నా ఫిర్యాదు వేరే. ఆయనకు కప్పులు కావాలి, తీసుకున్నాడు. ఏ పెట్టె ఎక్కడుంది, ఏ దొంతర ఏ వైపు తిరిగి ఉంది, దేని పక్కన ఏది ఇమిడింది అన్నది పురావస్తు శాస్త్రం అడిగే పద్ధతిలో నమోదు కాలేదు. అంటే కప్పులు దక్కాయి, వాటిని కాపాడిన పనితనం ఆనవాళ్ళు చెదిరిపోయాయి. ఎంత డబ్బు పెట్టినా అది తిరిగి రాదు. 1987లోనే గ్వాంగ్‌డాంగ్ తీరంలో బయటపడిన ‘నాన్‌హాయ్-1’ అనే సుంగ్ వంశపు కాలపు ఓడ విషయంలో చైనా ఆ తప్పు జరగనివ్వలేదు. తొందరపడకుండా ఇరవై ఏళ్ళు ఆగి, 2007లో ఓడనూ చుట్టూ ఉన్న బురదనూ కలిపి పెద్ద ఉక్కు పెట్టెలో ఎత్తి మ్యూజియంలోకి చేర్చింది. ఒక్కో పొర తీస్తూ 1,80,000కు పైగా వస్తువులు వెలికితీశారు. అక్కడా గిన్నెలో గిన్నె, దొంతర పక్కన దొంతర.

ఇప్పుడు మనం పోస్టాఫీసులో పంపే పార్సిళ్ళ సంగతి. గడ్డి స్థానంలో బబుల్ షీటు వచ్చింది. 1957లో న్యూజెర్సీలో ఆల్ఫ్రెడ్ ఫీల్డింగ్, మార్క్ షవాన్ అనే ఇద్దరు గోడలకు అంటించే కాగితం చేయబోతే అది తయారైంది. గడ్డి కాడ బోలుగా ఉండి గాలిని పట్టి ఉంచినట్టే ఈ బుడగా ఉంచుతుంది. వస్తువు మారింది, సూత్రం మారలేదు.

మీరు ఒక మగ్గును పార్సిల్ కట్టాలనుకోండి. మగ్గులో ముందు దెబ్బతినేది పిడి. దాన్ని విడిగా చేసి అతికిస్తారు కాబట్టి అతుకు దగ్గరే బలం తక్కువ. అందుకని మొదట పిడి సందులో కాగితం కూరి, పిడికి విడిగా చుట్టండి. తర్వాత మగ్గు లోపల నలిపిన కాగితం నింపండి. ఆ పైన మగ్గంతా బబుల్ షీటులో రెండు మూడు చుట్లు. రెండు మగ్గులుంటే దేనికది విడిగా చుట్టాలి, నడుమ అట్ట పెట్టాలి. వాటిని చిన్న పెట్టెలో బిగుతుగా అమర్చి, ఆ పెట్టెను పెద్ద పెట్టెలో పెట్టి, ఆరు వైపులా కనీసం రెండంగుళాల మందాన కాగితమో గడ్డో కూరండి. బయటి పెట్టె మూల మీద పడినా దెబ్బ లోపలి పెట్టెకు తగలకూడదు. టేపు వేసే ముందు ఊపి చూడండి. చప్పుడైతే మళ్ళీ విప్పాలి. పైన ‘పగిలే వస్తువు’ అని రాయడం మంచిదే, ఆ రాతను ఎవరూ చదవరనుకునే కట్టాలి.

ఈ పని చేసేవారు ఇప్పుడు మన ఊళ్ళలోనూ చాలామంది ఉన్నారు. ఇంట్లో కుంపటంత కొలిమి పెట్టుకొని మగ్గులు చేసి అమ్మే అమ్మాయిలు, వాళ్ళకు రాత్రిళ్ళు పెట్టెలు కట్టిపెట్టే అమ్మలు, గిడ్డంగుల్లో దినకూలీకి టేపు చుట్టే కుర్రాళ్ళు. సరుకు పగిలితేనే వాళ్ళు గుర్తొస్తారు, తిట్టడానికి. తెప్పించుకున్న మగ్గు మీ ఇంటికి చెక్కుచెదరకుండా వస్తే, చేసినవారికి మెచ్చుకుంటూ రాసే ఆ నాలుగు ముక్కల్లో, కట్టినవారి పేరు కూడా అడిగి రాయండి.