ఎర్ర ఇటుకల ఊరు - లోవెల్ మిల్లు అమ్మాయిల కథ

అమెరికా వెళ్లొచ్చినవాళ్లు నయాగరా ముందు నిలబడ్డ ఫొటోలు చూపిస్తారు కదా. అవి నా దగ్గరా ఉన్నాయి. కానీ ఈసారి మీకు చూపించాలనిపించినవి వేరే. బోస్టన్ నుంచి గంటలోపు దూరంలో, మెర్రిమాక్ నది ఒడ్డున లోవెల్ అనే పాత మిల్లుల ఊరుంది. కిందటి అక్టోబరులో మా తోటికోడలు వాళ్లింట్లో పది రోజులున్నాం. తను ఒకరోజు నన్ను అక్కడికి తీసుకెళ్లింది. "అక్కా, నీకు పాతవంటే ఇష్టం కదా, రోజంతా అక్కడే ఉందాం" అంది.

ఫొటోలకైతే ఎంత అందమైన ఊరో చెప్పలేను. కాలవల పక్కన ఐదారంతస్తుల ఎర్ర ఇటుక కట్టడాలు, వరుసగా వందల కిటికీలు, మధ్యలో గంట ఉన్న క్లాక్ టవర్. నీళ్లలో వాటి నీడ, చుట్టూ రంగు మారిన ఆకులు. పొద్దున ఎండ ఇటుకల మీద పడుతుంటే ఫోను కింద పెట్టబుద్ధి కాలేదు. మధ్యాహ్నానికి రెండు వందల ఫొటోలు దాటాయి.

ఈ అందం దానంతట అది వచ్చింది కాదండీ. దాని వెనక పెద్ద లెక్కే ఉంది.

ఫ్రాన్సిస్ కాబట్ లోవెల్ అనే బోస్టన్ వ్యాపారి 1810లో ఇంగ్లండు వెళ్లి, అక్కడి మరమగ్గాలను కళ్లతో చూసి మనసులో పెట్టుకుని వచ్చాడు. యంత్రాల నమూనాలు దేశం దాటనివ్వని రోజులవి. తిరిగొచ్చాక ఒక మెకానిక్ సాయంతో మగ్గం తయారుచేయించి, వాల్తమ్ అనే చోట 1814లో మిల్లు పెట్టాడు. దూది ఏకడం నుంచి బట్ట నేయడం దాకా అంతా ఒకే కప్పు కింద. ఇక్కడ మనకూ ఒక సంబంధం ఉంది. అప్పట్లో అమెరికాలో చవగ్గా దొరికే నూలు బట్ట మన దేశం నుంచి ఓడల్లో వెళ్లేది. 1816లో దిగుమతి పన్ను చట్టం వచ్చింది. గజం ఎంత చవగ్గా కొన్నా సరే, 25 సెంట్లకు కొన్నట్టే లెక్కగట్టి పన్ను వేయాలన్నారు. దాంతో మన ముతక బట్టకు అక్కడ దారి మూసుకుపోయింది. ఆ పద్ధతి కోసం పట్టుబట్టినవాళ్లలో ఈ లోవెల్ ఒకడు. మగ్గం ముందు కూర్చుని పొట్టపోసుకునే మనవాళ్లకు ఆ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

ఆయన 1817లో పోయాడు. మిగతా భాగస్తులు ఇంకా పెద్ద నీటి జోరు కోసం వెతికి, మెర్రిమాక్ నది 32 అడుగులు కిందకి దూకే పాటకెట్ జలపాతం దగ్గరకొచ్చారు. ఐరిష్ కూలీలు కాలవలు తవ్వారు. ఆ కాలవలన్నీ కలిపితే ఐదున్నర మైళ్ల పైమాటే. నీరు చక్రాలను తిప్పేది, చక్రాలు తోలు పట్టాల ద్వారా అంతస్తంతస్తుకూ మగ్గాలను తిప్పేవి. 1826లో ఊరికి ఆయన పేరే పెట్టారు. నీటి జోరును ఇంకా బాగా వాడుకోవాలని జేమ్స్ ఫ్రాన్సిస్ అనే ఇంజనీరు 1840లలో ఇక్కడే ఒక టర్బైనును తీర్చిదిద్దాడు. మన శ్రీశైలంలోనూ నాగార్జునసాగర్లోనూ కరెంటు పుట్టించేవి ఆ ఫ్రాన్సిస్ రకం టర్బైన్లే అంటే, మా ఆయన నమ్మక మళ్లీ ఫోన్లో చూసుకున్నారు.

సరే, యంత్రాలున్నాయి, నీళ్లున్నాయి. మరి మనుషులు? రైతుల ఇళ్లలోని పెళ్లికాని ఆడపిల్లలైతే జీతం తక్కువ ఇవ్వొచ్చని కంపెనీలు ఆలోచించాయి. కానీ ఏ తండ్రి పంపుతాడు? ఇంగ్లండు మిల్లుల మురికి గురించి అందరూ విన్నారు. అందుకే కాలవ గట్ల వెంట చెట్లు నాటారు. అమ్మాయిలు ఉండడానికి చక్కని ఇటుక ఇళ్లు కట్టించారు. ఒక్కో ఇంటికీ ఒక పెద్దావిడ కాపలా. రాత్రి పదికి తలుపులు మూయాలి, ఆదివారం చర్చికి వెళ్లాలి. నేను ముచ్చటపడి తీసిన ఆ చెట్ల వరుస, ఆ నీడ, రెండు వందల ఏళ్ల కిందట తండ్రులను ఒప్పించడానికి వేసిన పథకంలో భాగమన్నమాట!

వాళ్లు వచ్చారు. తమ్ముడి చదువు కోసం కొందరు, నాన్న అప్పు కోసం కొందరు, తమ పెళ్లి ఖర్చుకు కొందరు. సొంత డబ్బు చేతిలో ఉంటే ఎలా ఉంటుందో చూడాలని వచ్చినవాళ్లూ ఉన్నారు. పెళ్లైన ఆడదాని జీతం మీద హక్కు మొగుడిదే అని చట్టం చెప్పే కాలం. అలాంటి మొగుళ్లకు దొరక్కుండా పేరు మార్చుకుని మిల్లులో చేరిన భార్యలూ ఉన్నారట.

తెల్లవారకముందే గంట మోగేది. వారానికి డెబ్బై గంటలకు పైగా పని. దారం తెగకుండా గాలిలో తేమ ఉండాలని కిటికీలు మూసే ఉంచేవారు. నేను ఫొటో తీసిన ఆ వందల కిటికీలే. లోపల గాలినిండా దూది నలుసులు. నాడెలో కండె మార్చినప్పుడల్లా కన్నంలోంచి దారాన్ని నోటితో పీల్చి లాగాలి. ఒకరి నోట పెట్టిన నాడెనే ఇంకొకరూ నోట పెట్టుకోవాలి. క్షయ అంటుకుంటుందని దానికి 'చావు ముద్దు' అని పేరొచ్చింది. మసాచుసెట్స్‌లో ఆ పద్ధతిని నిషేధించింది 1911లో.

బూట్ మిల్లులో ఇప్పుడు మ్యూజియం ఉంది. అందులో ఒక హాలునిండా ఎనభైకి పైగా పాత మగ్గాలున్నాయి. సందర్శకుల కోసం కొన్నే నడుపుతారు. లోపలికి వెళ్లేముందు చెవుల్లో పెట్టుకోడానికి ప్లగ్గులిచ్చారు. పెట్టుకున్నా నేల అదురు అరికాళ్లలోంచి పైకి పాకింది. ఫొటో తీశాను గానీ చూస్తే అది ప్రశాంతంగా ఉంది! మోత ఫొటోలో పడదు కదా.

పుస్తకాలు లోపలికి తేకూడదని నియమం. పదకొండేళ్లకే పనిలో చేరిన లూసీ లార్కమ్, పత్రికల్లోంచి కత్తిరించిన కవితలను తన కిటికీ చట్రానికి అంటించుకుని చదువుకునేది. తర్వాత కవయిత్రి, టీచరు అయింది. ఈ అమ్మాయిల రాతలతోనే 1840 నుంచి 1845 దాకా 'లోవెల్ ఆఫరింగ్' అనే పత్రిక నడిచింది. 1842లో వచ్చిన చార్లెస్ డికెన్స్ దాన్ని చూసి ఆశ్చర్యపోయాడు.

1834లో జీతాలు తగ్గిస్తే అమ్మాయిలు పని మాని వీధుల్లోకొచ్చారు. 1836లో భోజనం డబ్బు పెంచితే వెయ్యిమందికి పైగా బయటికొచ్చారు. అప్పుడు హారియట్ హాన్సన్‌కి పదకొండేళ్లు. పెద్దవాళ్లు వెళ్దామా వద్దా అని తటపటాయిస్తుంటే ఆ పిల్ల ముందు లేచి నడిచింది, గదంతా వెనకాల నడిచింది. ఆమె తల్లి విధవరాలు, నలుగురు పిల్లలతో కంపెనీ వసతి గృహంలో అమ్మాయిలకు వండిపెడుతూ బతికేది. కూతుర్ని అదుపులో పెట్టలేకపోయావని కంపెనీ ఆ తల్లి పని తీసేసింది.

నాకు ఎక్కువసేపు అడుగు కదలనిది ఇక్కడే. మిగిలిన ఒక వసతి గృహంలో అప్పటి భోజనాల గది, వంటిల్లు అలాగే అమర్చి పెట్టారు. గంట మోగేసరికి ఇంతమందికీ వేడిగా బల్ల మీద ఉండాలి, అరగంటలో తిని పరుగెత్తాలి. పొద్దున్నే మూడు క్యారియర్లు కట్టే మనకే ఎలా ఉంటుందో తెలుసు కదా. సమ్మె చేసిన కూతురి పేరు పుస్తకాల్లో ఉంది, ఆమే 1898లో తన కథ రాసుకుంది. ఆ తిండి వండి, కూతురి ధైర్యానికి ఖరీదు కట్టిన తల్లి గురించి మనకు తెలిసింది కూడా ఆ కూతురు రాయబట్టే.

ఆ సమ్మెలు పూర్తిగా గెలవలేదు. తర్వాత సారా బ్యాగ్లీ అనే కార్మికురాలు సంఘం పెట్టి, రోజుకు పది గంటల పని కోసం వేల సంతకాలు సేకరించింది. ఆ చట్టం 1874లో గానీ రాలేదు. అప్పటికి తొలితరం అమ్మాయిలు వెళ్లిపోయారు, వాళ్ల స్థానంలో ఐర్లండు, కెనడా నుంచి వచ్చినవాళ్లు చేరారు.

ఇంకొక మాట చెప్పకపోతే కథ సగమే. ఆ పత్తి దక్షిణాది తోటల్లో బానిసలు ఏరినది. వాళ్లకు తొడిగే ముతక బట్టా ఈ మిల్లుల్లోనే నేసేవారు. అది తట్టుకోలేక బానిసత్వానికి వ్యతిరేకంగా సంతకాలు పెట్టిన మిల్లు అమ్మాయిలూ ఉన్నారు. ఆ సంతకాలు పెట్టిన చేతులతోనే మర్నాడు మళ్లీ ఆ పత్తినే నేశారు. ఇందులో ఎవరిని తప్పుపట్టాలో నాకు తేలలేదు.

మిల్లులు ఇరవయ్యో శతాబ్దంలో ఒక్కొక్కటే మూతపడ్డాయి. వసతి గృహాల వరుసలు చాలావరకు కూల్చేశారు. మిగిలినవాటిని కాపాడాలని 1978లో జాతీయ చారిత్రక పార్కుగా ప్రకటించారు. అందుకే ఈరోజు మనం టికెట్ కొనుక్కుని చూడగలుగుతున్నాం.

ఆ రోజుల్లో మగ్గం అమ్మాయిలు స్టూడియోకెళ్లి, చేతిలో నాడె పట్టుకుని ఫొటో దిగేవారు. రేకు మీద తీసే ఫొటోలవి. నవ్వు ఉండదు, కళ్లు నేరుగా మనల్నే చూస్తుంటాయి. నా రెండు వందల ఫొటోల్లో ఒక్క మనిషి లేడు, అన్నీ గోడలే. వాళ్ల ఫొటోల్లో గోడల్లేవు, మనుషులే.

మన ఏలూరు జూట్ మిల్లులో, గుంటూరు పొగాకు గ్రేడింగులో, ఆదోని జిన్నింగ్ మిల్లుల్లో పనిచేసిన ఆడవాళ్లు మన ఇళ్లలో, మన వీధుల్లో ఇంకా ఉన్నారు. వాళ్లు 'లోవెల్ ఆఫరింగ్' నడపలేదు. ఈ వేసవి సెలవుల్లో ఊరెళ్లినప్పుడు, గంట ఎన్నింటికి మోగేది, తొలి జీతం ఏం చేశారు, పిల్లలకు ఎవరు వండిపెట్టేవారు అని ఒక్కసారి కూర్చోబెట్టి అడగండి. ఒక నోటుబుక్కులో రాసి, తేదీ వేసి దాచండి.