రుద్రదేవ మహారాజెవరు?

చరిత్రప్రసిద్ధుల వృత్తాంతములను విజ్ఞానకోశముల కెక్కించువారు మొట్టమొదటఁ జేయవలసిన పని యొకటి కలదు. ఒక పేరు ఎవరిదో నిర్ణయించుటయే యాపని. ఇది మిక్కిలి సులభమని తోఁచును. కాని పేరొక్కటియై మనుష్యులు పలువురైనప్పుడును, మనిషి యొక్కరేయై పేళ్లు పెక్కులైనప్పుడును ఎంతటి పండితుఁడైనను పొరపడవచ్చును. మన కాకతీయవంశమే యిందులకు నిదర్శనము.

ఆ వంశమున రుద్రనామము వహించి రాజ్యమేలినవారు ముగ్గురు. మొదటివాఁడు 1158 మొదలు 1195 వఱకు నేలిన రుద్రదేవుఁడు. అనుమకొండలోని వేయిస్తంభముల గుడి యితఁడు కట్టించినదే. ఇతనికిఁ బ్రతాపరుద్రుఁడను పేరును గలదు. కడపటివాఁడు 1323లో ఢిల్లీసేనలకుఁ జిక్కిన ప్రతాపరుద్రుఁడు. వీరిరువురి నడుమ, 1262 మొదలు 1289 వఱకు, శాసనములలో "రుద్రదేవ మహారాజు" అని కీర్తింపఁబడిన వ్యక్తి యొకరు కలరు. పేరును మాత్రమే చూచి వ్రాయువాఁడు "పురుషుఁడు" అని వ్రాయును. అది తప్పు. ఆ మహారాజు స్త్రీ, ఆమెయే రుద్రమదేవి.

గణపతిదేవునకుఁ బుత్రసంతానము లేదు. అతఁడు తన కుమార్తెకు రుద్రనామ మిడి, కొడుకునువలెఁ బెంచి, రాజ్యభార మప్పగించెను. విద్యానాథుఁడు ప్రతాపరుద్రయశోభూషణములో నీ సంగతిని సూచించియున్నాఁడు. సింహాసనము పురుషునిదే యని నమ్మిన కాలమది. ఆమె యేలుటకు లోకము పెట్టిన నియమము పురుషనామధారణము! ఆ నియమమే కొన్ని శతాబ్దముల పిమ్మట నామె గుర్తునకు మఱుఁగైనది.

రెండవ పొరపాటు వేఱొక దారిని వచ్చెను. పదుమూఁడవ శతాబ్దాంతమున మన తీరమును గూర్చి వ్రాసిన వెనీసు యాత్రికుఁడు మార్కోపోలో, మోటుపల్లి రాజ్యమును రాజపత్ని యొకతె, భర్త మరణించిన పిదప నలువదియేండ్లుగా న్యాయముతో నేలుచున్నదని ప్రశంసించెను. ఆ మాట నాధారము చేసికొని పత్తొమ్మిదవ శతాబ్దమునఁ గొందఱు రుద్రమను గణపతిదేవుని భార్యగా నెంచిరి. కాని 1261 నాటి మల్కాపుర శాసనము విశ్వేశ్వరశంభువునకు గ్రామదానము చేసిన సందర్భమున నామె గణపతిదేవుని కుమార్తెయని స్పష్టపఱచుచున్నది. ఆమె భర్త నిడుదవోలు చాళుక్యుఁడగు వీరభద్రుఁడు. ఆమె యేలినది యిరువదియేడేండ్లే కాని నలువది కాదు. యాత్రికుని మెప్పు నిజము; అతఁడు చెప్పిన చుట్టఱికము నిజము కాదు. ఒక సాక్షి యొక విషయమున సత్యవాదియైనంత మాత్రమున నన్నిటను గ్రాహ్యుఁడు కాఁడు.

ఇఁక నామె సేనానాయకత్వమును గూర్చి సంశయించువారు కలరు. దేవగిరి యాదవరాజగు మహాదేవుఁడు ఓరుగంటిపై దండెత్తెను. అతని కొలువులోని హేమాద్రి, తన ప్రభువు రుద్రమను స్త్రీ యగుటచే విడిచిపెట్టెనని వ్రాసికొనెను. మన ప్రతాపరుద్రచరిత్రము ఆమెయే శత్రువును దేవగిరివఱకుఁ దఱిమెనని చెప్పును. ఇరువురును దమతమ పక్షముల వారే. అట్టిచో నేమి చేయవలెను? రాతిని అడుగవలెను. బీదరు కోటలో దొరకిన శాసనము రుద్రమకు "రాయగజకేసరి" యను బిరుదము నిచ్చుచున్నది. కాకతీయసేన యాదవులనేలలోఁ జొచ్చెననుట కిది సాక్ష్యము. గెలిచి విడిచితిమనువారి సీమలో నోడినవారి శాసనమేల యుండును?

ఆమె యవసానమును నొక శాసనమే తెలిపినది. నల్లగొండ జిల్లాలోని చందుపట్లలో శకవర్షము 1211, అనఁగా 1289 నవంబరు నాటి శాసనమున్నది. రుద్రమదేవియు, సేనాపతియగు మల్లికార్జున నాయకుఁడును శివలోకము చేరినందున వారి పుణ్యార్థము పువ్వుల ముమ్మడి యను సేవకుఁడు భూమి దానమిచ్చెనని యందుఁ గలదు. రాణియు సేనాపతియు నొక్కమాఱు మరణించిరి గనుక, తిరుగఁబడిన కాయస్థ అంబదేవునితోడి యుద్ధముననే వారు కూలిరని చరిత్రకారులు భావించిరి. ఇది బలమైన యూహ. కాని శాసనము "యుద్ధమున" అను మాటను జెప్పలేదు. శాసనము చెప్పినది యొకచోటను, మనమూహించినది వేఱొకచోటను వ్రాయుటయే విజ్ఞానకోశమునకు ధర్మము.

కొమఱ్ఱాజు లక్ష్మణరావుగారు ఆంధ్రవిజ్ఞానసర్వస్వమును సంకల్పించిన నాఁడు కోశము కాగితముపై నుండెను. నేఁడది యంత్రములలో నున్నది. ఒక్క తప్పు గడియలో లోకమంతయు వ్యాపించును. కావున నొక వ్యక్తిని నమోదు చేయునప్పుడు పేరుతోఁ దృప్తి నొందక, తండ్రి యెవరు, కాలమేది, తోడివారెవరు, సాక్ష్యమేది యని నాలుగు ప్రశ్నలు వేయవలెను.

ఇది పండితుల పని మాత్రమే యని మన గృహములవారు తలఁపరాదు. మన బాలికలు పాఠము చదువునప్పుడు "రుద్రదేవ మహారాజు" అను మాట వచ్చినచో, ఆయన యని చదువుటయో, ఆమె యని చదువుటయో వారి మనస్సులలో నెంత భేదము పుట్టించును! ఇరువదియేడేండ్లు రాజ్యమును గాపాడిన వ్యక్తి తమవంటి యాఁడుబిడ్డయే యని యెఱిఁగిన బాలిక తన శక్తిని తక్కువగాఁ దలఁపదు. రుద్రమ పురుషనామము నాఁటి లోకముకొఱకు ధరించెను. ఆమెను ఆమెగా గుర్తించుట నేఁటి మన ఋణము.