ఋణదాతల సభ

మన ప్రాంతములందు "వాడు ఐ.పి. పెట్టినాడు" అను మాట తిట్టువలె వినబడుచున్నది. ఇన్‌సాల్వెన్సీ పిటిషను అను రెండు పదముల మొదటి యక్షరములే యివి. అప్పు తీర్పజాలనివాడు న్యాయస్థానమునకు పోయి, తన కున్నదంతయు చూపి, దీనిని నా ఋణదాతలకు న్యాయముగా పంచి పెట్టుడని విన్నవించుకొనుటయే దాని యర్థము. లోకులు మాత్రము దానిని మోసమునకు మాఱుపేరుగా చేసికొనిరి. ఇందు మోసగాండ్ర దోషము కొంత, పూర్వచరిత్ర యెఱుగని మన దోషము కొంత కలదు. ఋణగ్రస్తుడు తన ఋణదాతల యెదుట నిలువబడు నాచారము ఎట్లు పుట్టెనో, ఎట్లు మాఱెనో, వకీలును పెట్టుకొన శక్తి లేనివాడు ఆ సభలో నెట్లు మెలగవలయునో చదువరులకు మనవి చేయదలచితిమి.

క్రీస్తునకు పూర్వము 450 ప్రాంతమున రోమునగరమున పండ్రెండు పట్టికల శాసనము పుట్టెను. తీర్పయిన పిమ్మట ఋణగ్రస్తునకు 30 దినముల గడువు. అది దాటినచో ఋణదాత వానిని కొనిపోయి 60 దినములు సంకెలలో నుంచవచ్చును. ఆ నడుమ వరుసగా మూడు సంతదినములందు వానిని న్యాయాధికారి ముందఱకు తెచ్చి, వీడింత సొమ్మునకు బద్ధుడని చాటవలెను. విడిపించువా డెవ్వడును రానిచో వానిని టైబరునది కావల నమ్మివేయవచ్చును. ఋణదాతలు పలువురైనచో వాని దేహమును ఖండించి పంచుకొనవచ్చునను వాక్యము కూడ నందు గలదు. అట్లు ఖండింపబడినవానిని గూర్చి చదువలేదు, వినలేదు అను మాట రెండవ శతాబ్దివాడైన ఆలస్ జెల్లియస్ గ్రంథమున కనబడుచున్నది. అయినను ఆ సంతలోని గుంపే ఋణదాతల సభకు మొదటి రూపమని మా యభిప్రాయము. అచ్చట చూపబడినది ఋణగ్రస్తుని దేహము. క్రీ. పూ. 326లో పోయటీలియా శాసనము అప్పునకై మనుష్యుని దాసునిగా కట్టుటను మాన్పెను. తరువాత జూలియా శాసనమువలన, ఆస్తినంతయు స్వయముగా నప్పగించినవానికి చెఱయు అపకీర్తియు తప్పెను. దేహమునకు బదులుగా ఆస్తి సభ కెక్కెను.

మన ధర్మశాస్త్రకారులు వేఱొక త్రోవ త్రొక్కిరి. వడ్డి అసలును మించరాదని మనువు హద్దు పెట్టెను. కాని తండ్రి యప్పు తీర్చుట కుమారునికి ధర్మమన్న నియమము తరతరముల నణచివేసిన బరువయ్యెను. 2005లో హిందూ వారసత్వచట్టమునకు జరిగిన సవరణ, ఆ తరువాతి యప్పులకు కేవల మీ ధర్మమును బట్టి కుమారులను పట్టరాదని శాసించెను.

ఇంగ్లండున 1542లో ఎనిమిదవ హెన్రీ కాలమున పుట్టిన మొదటి దివాలాచట్టము ఋణగ్రస్తుని అపరాధి యనియే పిలిచెను. ఆన్ రాణి కాలమున 1705లో నొక నూతనభావము ప్రవేశించెను. ఆస్తినంతయు దాచక యప్పగించిన వర్తకునికి మిగిలిన యప్పునుండి విడుదల కలుగును. మోసముతో దాచినవానికి మరణదండనము. మఱుసటి యేడు ఆ విడుదలకు సంఖ్యలోను సొమ్ములోను నాలుగైదవ వంతుల ఋణదాతల సమ్మతి కావలెనని చేర్చిరి. ఇట్లు ఋణదాతల సమ్మతికి బలము వచ్చినది. కాని యీ మేలు వర్తకులకే. తక్కినవారికి చెఱసాలయే గతి. 1824లో డికెన్సు తండ్రి ఒక రొట్టెలవానికి బాకీపడిన 40 పౌనుల 10 షిల్లింగులకై మార్షల్సీ చెఱసాల చేరెను. పండ్రెండేండ్ల బాలుడు బూటుమసి చేయు చోట కూలికి కుదిరెను. సంపాదింప వలసినవానిని బంధించి సొమ్ము చెల్లింపుమనుట ఎంత యవివేకమో గ్రహించుటకు ఆ దేశమునకు 1869 వఱకు పట్టినది.

ఆ 1869లోనే దివాలా వ్యవహారమంతయు ఋణదాతల చేతి కప్పగింపబడెను. ఫలమేమి? చిన్న ఋణదాతలు సభకు రారైరి. కొందఱు వకీళ్లును లెక్కలవారును ఇల్లిల్లు తిరిగి వారి ప్రతినిధిపత్రములను ప్రోగుచేసికొని, సభలో తామే యధికసంఖ్యాకులై, ఆస్తిని ఖర్చుల క్రింద కరగించిరి. ఇది చూచి జోసెఫ్ చేంబర్లేన్ 1883లో క్రొత్తచట్టము తెచ్చి, ప్రభుత్వోద్యోగియగు అఫిషియల్ రిసీవరును నియమించి, ఋణగ్రస్తుని బహిరంగముగా ప్రశ్నించు పద్ధతిని స్థాపించెను. సభకు పోనివాని హక్కు పోయినవాని చేతిలో పడునన్నదే యిందలి పాఠము.

మన దేశమున కీ విధానము 1828లో మూడు రాజధాని నగరములకు వచ్చెను, 1848లో విస్తృతమయ్యెను. కాని మదరాసు కన్ను తెఱిపించినది 1906 అక్టోబరు 22. ఆనాడు అర్బత్నాటు కంపెనీ చెల్లింపులు నిలిపివేసెను. తెలుగుజిల్లాలు నాడు మదరాసు రాజధానిలోనివే గదా! దొరల కంపెనీ చెడునా యని దాచుకొన్న వేలకొలది కుటుంబములు ఒక్కదినమున నట్టేట మునిగెను. సర్ జార్జి అర్బత్నాటునకు పదునెనిమిది నెలల కఠినశిక్ష పడెను. ఋణదాతల పక్షమున నిలిచిన వి. కృష్ణస్వామి అయ్యరు మొదలగువారి పూనికచే 1907లో ఇండియన్ బ్యాంకు వెలసెను. ఆ యేటనే జిల్లాలకును, 1909లో రాజధాని నగరములకును క్రొత్త దివాలాచట్టములు వచ్చెను. జిల్లాల చట్టము 1920లో తిరుగ వ్రాయబడెను. 2016 నాటి దివాలాస్మృతిలోని వ్యక్తుల భాగము 2019 డిసెంబరు 1 నుండి కంపెనీల యప్పులకు పూచీపడినవారి విషయముననే యమలులోనికి వచ్చెను. తక్కిన గృహస్థులకు పాతచట్టములే మిగిలెను.

ఈ 1920 నాటి చట్టము దయలేనిది కాదు. వంటపాత్రలు, పడకలు, కట్టుబట్టలు, పనివాని పనిముట్లు, మతాచారము ననుసరించి స్త్రీ విడువరాని యాభరణములు, ఇవి ఋణదాతల పాలు కావు. మన గృహిణులు దీనిని తప్పక యెఱిగియుండవలెను. అప్పులవాడు వాకిట నిలిచి మంగళసూత్ర మడిగినచో ఈయనక్కఱలేదు. ఇక ఋణగ్రస్తుని విధులు: లెక్కపుస్తకములు తేవలెను, ఆస్తిపట్టిక, ఋణదాతల పట్టిక ఈయవలెను. రెండేండ్లలోపల బంధువులపేర ఊరక వ్రాసిన దస్తావేజులు చెల్లవు. మూడు నెలలలోపల ఒక ఋణదాతకు పక్షపాతముతో చెల్లించినదియు నిలువదు. లెక్కలు వ్రాయనివానికి, జూదమున పాడైనవానికి, తన తప్పువలన రూపాయకు ఎనిమిది అణాలైన చూపలేనివానికి పూర్ణవిమోచనము దొరకదు. కొంత చెల్లించి రాజీపడ దలచినచో, ఋణదాతలలో సంఖ్యచే సగమునకు మించినవారును, సొమ్ముచే మూడువంతులవారును ఒప్పుకొనవలెను. న్యాయాధిపతియు దానిని సమంజసమని తలపవలెను.

మా మిత్రుడొకడు, చిన్న బట్టలవర్తకుడు, కొన్నేండ్ల క్రిందట ఈ స్థితికి వచ్చెను. వకీలు ఫీజునకు చేత కాసు లేదు. ఇల్లు బావమఱది పేర వ్రాసివేయుమని వీధిలోని పెద్దమనిషి యొకడు బోధించెను. మేము చట్టము తెచ్చి ఆ భాగము చదివి వినిపించితిమి. రాత్రులు మూడు కూర్చుండి చిట్టా, ఆవర్జా సరిచూచి, పాలామె బాకీతో సహా పట్టిక వ్రాసితిమి. ఆ దినమున మేమును వెంట పోయితిమి. నూలు వర్తకుడొకడు లేచి, "పట్టిక యింతేనా? దాచినది లేదా?" అని గద్దించెను. మా మిత్రుడు కొంతసేపు మాటాడడయ్యెను. పిదప తలవంచి, "ఒకటి వ్రాయలేదు. వితంతువైన మా యక్క యిచ్చిన చేబదులు. సిగ్గుచే మానితిని" అనెను. అది మాకును తెలియదు. న్యాయాధిపతి దానిని చేర్పుమనెను. ఆ మాటతో సభలోని వేడి తగ్గెను. తనకు నష్టము కలిగించు సంగతి చెప్పినవాడు లాభము కలిగించునది దాచియుండడని వారికి తోచియుండును. నూటికి అరువది చొప్పున మూడేండ్లలో చెల్లించు రాజీకి కావలసినంతమంది సమ్మతించిరి. నూలు వర్తకుడు మాత్రము సమ్మతింపక వెడలిపోయెను. ఆయన కోపము న్యాయమైనదే. ఆయన సొమ్ము పోయినది గదా!

అమెరికాలో 1978 నాటి చట్టపు 341వ విభాగముననుసరించి జరుగు సభలో న్యాయాధిపతి యుండరాదు. ట్రస్టీ యధ్యక్షత వహించి ఋణగ్రస్తుని ప్రమాణముపై ప్రశ్నించును. వకీలు లేకయే పోవుట కచ్చట నడ్డు లేదు. అచ్చటను అడుగునది యొక్కటే: నీవు వ్రాసినది సత్యమా, సంపూర్ణమా?

వకీలు వలదని మేము చెప్పుట లేదు. మోసమారోపింపబడినప్పుడు, తాకట్టు వివాదమున్నప్పుడు వకీలు లేక కదలరాదు. స్త్రీలకును బీదలకును 1987 నాటి న్యాయసేవాధికార చట్టము ఉచితసహాయ మేర్పఱచినది. కాని వకీలున్నను లేకున్నను లెక్క మనదే, ప్రమాణము మనదే. రోములో దేహమును, పిదప ఆస్తిని చూపినారు. నేడు మనుష్యుడు తన లెక్కను చూపవలసియున్నాడు. అప్పులబాధకు ప్రాణములు తీసికొనువారిని గూర్చి పత్రికలలో చదువునప్పుడెల్ల, న్యాయస్థానపు తలుపు వారికి సిగ్గు మాటుననే మూసికొనిపోయెను గదా యని మేము చింతిల్లుచుందుము. ఆ సిగ్గును పెంచిన తిట్టుమాటను మన యింట ననకుందుము. పిల్లలకు లెక్క వ్రాయుట నేర్పుదము.